రైడర్‌ని కాదు, అతని వెనకున్నవాణ్ణి చూడండి

కబడ్డీ గురించి మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. "మనోడు ఎన్ని కొట్టాడు?" మ్యాచ్ గెలిచామా ఓడామా అన్నది కూడా ఆ తర్వాతే. పది కొడితే శభాష్, ఇరవై కొడితే దేవుడు, మూడు కొడితే "వీడికన్ని లక్షలు దండగ". మా కేఫెటేరియాలో ఇదే వరస, మణికొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ ఇదే వరస. 2025 సీజన్‌లో తెలుగు టైటాన్స్ చాన్నాళ్ళకి ప్లేఆఫ్స్‌కి వెళ్ళేసరికి ఈ గోల ఇంకాస్త ముదిరింది. "భరత్ హుడా దొరికాడు, ఇంక మన కష్టాలు తీరినట్టే" అని ఎంతమంది అన్నారో లెక్కే లేదు.

నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. భరత్ మీద నాకేం కోపం లేదు, కుర్రాడు బ్రహ్మాండంగా ఆడాడు. నా కోపమంతా "దొరికాడు" అనే ఆ మాట మీద. ఎందుకంటే ఈ మాట మనం రాహుల్ చౌదరి గురించీ అన్నాం, సిద్ధార్థ్ దేశాయ్ గురించీ అన్నాం, పవన్ సెహ్రావత్ గురించీ అన్నాం. ప్రతిసారీ ఒకడు "దొరికాడు". ఆ తర్వాత ఏమైందో కాస్త ఓపిగ్గా చూద్దాం.

నేననేది ఇది: యువ రైడర్‌ని అంచనా వేయాలంటే ముందు చూడాల్సింది అతని పాయింట్లు కాదు. అతను అవుటై బయట కూర్చున్నప్పుడు లోపల ఎవరున్నారు, వాళ్ళేం చేస్తున్నారు అన్నది చూడాలి. ఇది తెలియక మన జట్టు దాదాపు పదేళ్ళు పోగొట్టుకుంది. తెలియజెప్పాల్సిన మనం ఈలలు వేస్తూ కూర్చున్నాం.

ముందు కాస్త లెక్క

ఆట తెలిసినవాళ్ళు ఈ భాగం వదిలేసి ముందుకెళ్ళొచ్చు. చిన్నప్పుడు చెడుగుడు ఆడి ఇప్పుడు మర్చిపోయినవాళ్ళ కోసం రాస్తున్నా.

మ్యాచ్ 40 నిమిషాలు. ఒక్కో కూతకి 30 సెకండ్లు. అంటే రెండు జట్లకీ కలిపి సుమారు 80 కూతలు, మన వాటాకి 40. మీ హీరో ఎంత మొనగాడైనా ఈ నలభైకీ తనే వెళ్ళలేడు. ఊపిరి ఒక కారణం. రెండోది అసలు కారణం: పట్టుబడితే బయట కూర్చోవాలి.

కూర్చుంటే మళ్ళీ ఎప్పుడు లేస్తాడు? తన జట్టువాళ్ళెవరైనా అవతలివాణ్ణి తాకొచ్చినప్పుడో, వచ్చినవాణ్ణి పట్టుకున్నప్పుడో. అది కూడా వరసలోనే. ముందు అవుటైనవాడు ముందు లేస్తాడు. మీ హీరో మూడోవాడిగా అవుటైతే, తన ముందున్న ఇద్దరూ లేచాకే తన వంతు. బోనస్ పాయింటు తెస్తే స్కోరు పెరుగుతుంది గానీ బయటున్నవాడు లేవడు.

ఇప్పుడు దీన్ని మన భాషలో చూడండి. సర్వర్ పడిపోయింది. దాన్ని తిరిగి లేపే అధికారం దానికే లేదు, పక్కనున్న సర్వర్లు పని చేస్తేనే అది లేస్తుంది. అలాంటి సిస్టమ్‌లో మీరు డబ్బంతా ఒకే పెద్ద సర్వర్ మీద పోసి, పక్కన రెండు పాత డబ్బాలు పెడతారా? మన కంపెనీలో ఇలాంటి డిజైన్ చూపిస్తే రివ్యూలో బయటకి గెంటేస్తారు. కబడ్డీలో మాత్రం దీన్ని "బిడ్ ఆఫ్ ది డే" అని చప్పట్లు కొడతాం :)

డూ ఆర్ డై కూత సంగతి కూడా చెప్పుకోవాలి. వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోదానికి పాయింటు తేవాల్సిందే, లేకపోతే కూతకెళ్ళినవాడు అవుట్. మంచి జట్లు ఈ మూడో కూతని పాడైపోయినా నష్టం లేని మనిషికో, ప్రత్యేకంగా దానికే తయారుచేసిన మనిషికో ఇస్తాయి. బ్యాకప్ లేని జట్టు దాన్నీ హీరోకే ఇస్తుంది. ఇలా రోజూ ప్రాణాల మీదకి పంపిస్తే వాడి లెక్కలు చెడతాయి, తర్వాత ఒళ్ళు చెడుతుంది. ఆ తర్వాత మనం వాడికి "ఫామ్ పోయింది" అంటాం.

మనవాళ్ళ చరిత్ర

ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. రాహుల్ చౌదరి బిజ్నోర్ నుంచి వచ్చి ఆరు సీజన్లు టైటాన్స్‌కి ఆడాడు. అతను లేకపోతే మన ఐటీ జనంలో సగం మంది కబడ్డీ చూసేవాళ్ళే కాదు. 2015లో మూడో స్థానం, 2016లో సెమీస్. అక్కడితో ఆగింది. తర్వాత రెండేళ్ళూ రాహుల్ కూతకి వెళ్తూనే ఉన్నాడు, జట్టు లీగు దశలోనే ఇంటికొస్తూనే ఉంది.

2019 వేలంలో రాహుల్ 94 లక్షలకి తమిళ్ తలైవాస్‌కి వెళ్ళాడు. మనవాళ్ళు 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. సరైన యువ రైడర్, అందులో సందేహం లేదు. అంతకుముందు ఏడాది యు ముంబా 36.4 లక్షలకి కొంటే తొలి సీజన్‌లోనే 218 రైడ్ పాయింట్లు కొట్టినవాడు. మన దగ్గరకొచ్చాకా తగ్గలేదు, 217 కొట్టాడు. వ్యక్తి లెక్కలో రూపాయికి రూపాయి వసూలు. మరి జట్టు? పన్నెండింటిలో పదకొండో స్థానం. మరి పన్నెండో స్థానంలో ఎవరున్నారనుకున్నారు? రాహుల్ వెళ్ళిన తలైవాస్!

ఇక్కడే ఎవరికైనా వెలగాలి. 218 కొట్టేవాణ్ణి కొన్నారు, 217 కొట్టాడు. అంటే వాడి పని వాడు చేశాడు. అయినా పదకొండో స్థానం వచ్చిందంటే తప్పు వాడిలో లేదు, వాడి చుట్టూ ఉంది. కానీ మనవాళ్ళకి వెలగలేదు.

2021 డిసెంబర్లో మొదలైన సీజన్ కరోనా వల్ల మొత్తం బెంగళూరులోనే జరిగింది. సిద్ధార్థ్ మొదట్లోనే గాయపడ్డాడు. అప్పుడు కుర్రాళ్ళు రజనీశ్, అంకిత్ బెనివాల్ మీద పడింది భారమంతా. ఇద్దరూ బాగానే పోరాడారు. కానీ ముందునుంచీ తయారుచేసిన బ్యాకప్‌లు కారు, నిప్పంటుకున్నాక వెతికితే దొరికిన బకెట్లు. 22 మ్యాచుల్లో గెలిచింది ఒకటి. 2022లో మళ్ళీ 22 మ్యాచులు, గెలిచింది రెండు.

అప్పుడు ఏం చేశారు? మూడోసారి అదే మందు, కాకపోతే డోసు పెంచారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి లీగు చరిత్రలో అదే రికార్డు. జట్టు మొత్తానికి వేలంలో ఉన్న పరిమితి 5 కోట్లు. అంటే సగం కన్నా ఎక్కువ ఒక్కడికే, మిగిలినదాన్ని మిగతా అందరికీ సర్దాలి. పవన్ మోసం చెయ్యలేదు, 202 రైడ్ పాయింట్లు కొట్టాడు. టైటాన్స్ 22లో 2 గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది.

మూడు సీజన్లు, 66 మ్యాచులు, 5 విజయాలు. మన ప్రాజెక్టుల్లో ఇలాంటి సక్సెస్ రేటు ఉంటే క్లయింటు ఫోన్ కూడా ఎత్తడు.

అదే ఏడాది, మన ఇంటి పక్కనే

ఇప్పుడు అసలు సంగతి. ఆ 2023-24 సీజన్ ఫైనల్ ఎక్కడ జరిగిందో గుర్తుందా? 2024 మార్చి 1న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో. మణికొండ నుంచి ట్రాఫిక్ లేకపోతే పది నిమిషాలు (ట్రాఫిక్ లేని రోజు మీకు తెలిస్తే నాకూ చెప్పండి). పూణెరి పల్టన్ 28-25తో హర్యానా స్టీలర్స్‌ని ఓడించి కప్పు పట్టుకెళ్ళింది.

ఆ పూణె జట్టులో ఒక్క రైడర్ కూడా 200 దాటలేదు. అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితె, ఆకాశ్ షిండే... నలుగురు పంచుకున్నారు. ఎవడు మెయిన్, ఎవడు బ్యాకప్ అని చెప్పడం కష్టం. అస్లాం అవుటైతే మోహిత్, మోహిత్ అవుటైతే పంకజ్. అవతలి డిఫెండర్లకి ఎవడి కోసం ప్రాక్టీసు చేసి రావాలో తెలియదు. 202 కొట్టినవాడున్న జట్టు అట్టడుగున ఉంది, 200 కొట్టినవాడే లేని జట్టు మన ఊళ్ళోనే కప్పెత్తింది. ఇంతకంటే ఎవరు విప్పి చెప్పాలి?

ఇంకొక ముచ్చట. 2022లో ఇదే పవన్‌ని తలైవాస్ 2 కోట్లకి పైగా పెట్టి కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అందరూ తలైవాస్ పని అయిపోయిందన్నారు. నరేందర్ అనే కొత్త కుర్రాడు లేచాడు. తొలి సీజన్‌లోనే 243 రైడ్ పాయింట్లు కొట్టాడు, పక్కన అజింక్య పవార్ లాంటివాళ్ళు సాయం చేశారు, తలైవాస్ తన చరిత్రలో మొదటిసారి సెమీస్‌కి వెళ్ళింది. ఈ కథ చూసిన ఎవరికైనా "మనం కూడా నరేందర్ లాంటివాణ్ణి తయారుచేసుకోవాలి" అనిపించాలి. మన యాజమాన్యానికి "మనం కూడా పవన్‌ని కొనాలి" అనిపించింది. కథ అదే, నీతి మాత్రం తలకిందులు.

"మరి పర్దీప్ నర్వాల్ సంగతేంటి?"

ఈ వాదన వస్తుందని తెలుసు. 2017లో పట్నా పైరేట్స్ కప్పు కొట్టినప్పుడు పర్దీప్ 369 రైడ్ పాయింట్లు కొట్టాడు. హీరో ఒక్కడే గెలిపించలేదా?

లేదండి. అదే సీజన్‌లో పర్దీప్ పక్కన మోను గోయత్ 190 దాకా కొట్టాడు. వేరే జట్టులో ఉంటే అతనే మెయిన్ రైడర్. పర్దీప్ బయట కూర్చుంటే లేపింది మోను. 2018 వేలంలో మోనుని హర్యానా 1.51 కోట్లకి ఎగరేసుకుపోయింది. తర్వాత పట్నా ఏమైంది? 2018లో ప్లేఆఫ్స్ లేవు. 2019లో పర్దీప్ మళ్ళీ 302 కొట్టాడు, అయినా ప్లేఆఫ్స్ లేవు. పర్దీప్ అదే పర్దీప్. పక్కనున్నవాడు మారాడు, అంతే.

2018లో బెంగళూరు బుల్స్ కోసం పవన్ ఫైనల్లో 22 పాయింట్లు కొట్టి కప్పు తెచ్చాడన్నది కూడా నిజమే. కానీ ఆ జట్టు కెప్టెన్ రోహిత్ కుమార్, అతను కూడా రైడరే, అంతకుముందు ఏడాది 200 దాటినవాడు. డిఫెండర్లందరూ రోహిత్ మీద కన్నేసి ఉంచాల్సి రావడం పవన్‌కి వరమైంది. 2019లో పవన్ ఇంకా చెలరేగి 346 కొట్టాడు, లీగులో నంబర్ వన్. బుల్స్ సెమీస్‌లో ఆగిపోయింది. ఆ ఏడాది కప్పు కొట్టిన బెంగాల్ వారియర్స్‌కి ఫైనల్లో వాళ్ళ మెయిన్ రైడర్ మణీందర్ సింగ్ లేనే లేడు, భుజం గాయం. అతను లేకుండానే ఢిల్లీని 39-34తో ఓడించారు.

2024కి రండి. పట్నా కుర్రాడు దేవాంక్ 301 కొట్టి లీగులో మొదటి స్థానంలో నిలిచాడు, ఫైనల్లో పట్నా హర్యానా చేతిలో 23-32తో ఓడింది. 2025లో అతన్ని బెంగాల్ 2.2 కోట్లకి కొంది. దేవాంక్ మ్యాచ్ తర్వాత మ్యాచ్ సూపర్ టెన్ కొడుతూనే ఉన్నాడు, బెంగాల్ మాత్రం మొదటి ఎనిమిదిలో కూడా లేదు.

హీరో అక్కర్లేదని నేననడం లేదు. హీరో ఒక్కడితో ఆట సాగదంటున్నా. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది, దయచేసి కలిపేయకండి.

కృషన్ కుమార్ హుడా, విజయ్ మలిక్

2022 ఫిబ్రవరిలో ఢిల్లీ 37-36తో పట్నాని ఓడించి కప్పు గెలిచింది. ఢిల్లీ హీరో నవీన్ కుమార్, "నవీన్ ఎక్స్‌ప్రెస్". ఫైనల్లో అతను 13 కొట్టాడు. కానీ ఆ రోజు 14 కొట్టినవాడు ఇంకొకడున్నాడు: విజయ్ మలిక్. సీజన్ మధ్యలో నవీన్ గాయంతో బయటున్నప్పుడు బండి లాగింది కూడా అతనే. కోచ్ కృషన్ కుమార్ హుడా.

2024లో ఈ కోచ్ టైటాన్స్‌కి వచ్చాడు. విజయ్ మలిక్ కూడా వచ్చాడు. ఆ సీజన్ మధ్యలో పవన్ గాయపడ్డాడు. పాత రోజులైతే ఇక్కడితో శుభం కార్డు. కానీ విజయ్, ఇంకో కుర్రాడు ఆశిష్ నర్వాల్ కూతలు పంచుకున్నారు. టైటాన్స్ 22లో 12 గెలిచింది. అంతకుముందు మూడేళ్ళూ కలిపి గెలిచినవి ఐదు! ఏడో స్థానంలో ఆగి ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పాయి గానీ, జట్టు బతికిందని తెలిసింది ఆ ఏడాదే. అది కూడా హీరో ఉన్నప్పుడు కాదు, హీరో లేనప్పుడు.

2025లో పవన్‌ని వదులుకున్నారు. విజయ్‌ని ఉంచుకుని కెప్టెన్ చేశారు, భరత్ హుడాని 81 లక్షలకి తెచ్చారు. లీగులో నాలుగో స్థానం, 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్, చివరికి మూడో స్థానం. రెండో క్వాలిఫయర్లో పూణె చేతిలో 45-50తో ఓడాం. ఆ మ్యాచ్‌లో భరత్ ఇరవైకి పైగా కొట్టాడు. అయినా ఓడాం. ఎందుకు? అవతల పూణెకి ఆదిత్య షిండే అనే కుర్రాడు తనూ ఇరవై దాటాడు, పక్కన పంకజ్ మోహితె పది కొట్టాడు. మనది ఒక ఇరవై, వాళ్ళది ఒక ఇరవై ప్లస్ ఒక పది. తేడా ఐదు పాయింట్లు.

ఇంత జరిగినా మనవాళ్ళు మ్యాచ్ అయ్యాక చెప్పుకున్నది "భరత్ ఒంటరి పోరాటం" అనే. ఒంటరి పోరాటం అన్నది పొగడ్త కాదు మహాప్రభో, అది ఫిర్యాదు!

భరత్‌ని ఎలా చూడాలి

భరత్ చరిత్రే నా వాదనకి సాక్ష్యం. 2022లో బెంగళూరు బుల్స్‌కి 279 రైడ్ పాయింట్లు కొట్టాడు, ఆ సీజన్‌లో రెండో స్థానం. తర్వాతి సీజన్‌లో పడిపోయాడు. 2024లో యూపీ యోధాస్ 1.30 కోట్లకి కొంది. అక్కడ గగన్ గౌడ, భవానీ రాజ్‌పుత్ అనే ఇద్దరు, వేలంలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోనివాళ్ళు, ముందుకొచ్చి జట్టుని సెమీస్‌కి తీసుకెళ్ళారు. కోటి ముప్ఫై లక్షల మనిషి వాళ్ళ వెనక నిలబడ్డాడు. మరుసటేడాది మన దగ్గర 81 లక్షలకి మళ్ళీ మెరిశాడు.

కాలూ చెయ్యీ అవే, కూతా అదే. ఒక చోట ఆకాశం, ఇంకో చోట బెంచి. దీన్ని "ఫామ్" అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తే మనం అంచనా వేసినట్టు కాదు, జాతకం చూసినట్టు. నా మటుకు నేను మ్యాచ్ చూసేటప్పుడు ఐదు సంగతులు గమనిస్తాను. మీరూ చూడండి:

1. మొత్తం పాయింట్లు కాదు, ఎన్ని కూతలకి ఎన్ని పాయింట్లు. 25 కూతలకి 12 తెచ్చినవాడి కన్నా 14 కూతలకి 9 తెచ్చినవాడు చాలా సార్లు ఎక్కువ ఉపయోగం.

2. ఎన్నిసార్లు అవుటయ్యాడు, ఎంతసేపు బయట కూర్చున్నాడు. ఖాళీ చేతులతో క్షేమంగా తిరిగొచ్చిన కూత వైఫల్యం కాదు.

3. అతను బయట ఉన్నంతసేపు జట్టు స్కోరు ఏమైంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. టీవీలో ఈ లెక్క ఎప్పుడూ చూపించరు.

4. డూ ఆర్ డైకి ఎవర్ని పంపుతున్నారు. ప్రతిసారీ అతన్నే పంపుతుంటే కోచ్‌కి వేరే దారి లేదని అర్థం.

5. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు వచ్చిన పాయింట్లు ఎన్ని, ముగ్గురే మిగిలినప్పుడు వచ్చినవి ఎన్ని. ముగ్గురున్నప్పుడు దొరికితే సూపర్ టాకిల్, అవతలివాళ్ళకి రెండు పాయింట్లు. అక్కడికి హీరోని పంపాలా, ఇంకొకణ్ణి పంపాలా అన్నది తెలివికి పరీక్ష.

ఈ ఐదింటిలో మూడు ప్రశ్నలకి జవాబు రైడర్‌లో దొరకదు, అతని వెనకున్నవాళ్ళలోనే దొరుకుతుంది. జట్టులో తర్వాత ఎవరుంటారు, ఎవరు పోతారు అన్నది వేలం పాటలో తేలే సంగతి. ఎవరున్నా ఈ ప్రశ్నలు మారవు.

ఇది కబడ్డీ గోలే కాదు

ఇంతవరకూ చదివిన ఐటీ మిత్రులకి ఎక్కడో గుచ్చుకుని ఉండాలి. మన ఆఫీసుల్లో చేస్తున్నది కూడా ఇదే కదా?

నేను చూసిన ఒక ప్రాజెక్టులో (కంపెనీ పేరు అనవసరం) పేమెంట్స్ మాడ్యూల్ అంతా ఒక్క కుర్రాడి చేతిలో ఉండేది. మూడేళ్ళ అనుభవం, చురుకైనవాడు. అర్ధరాత్రి పేజర్ మోగినా వాడే, దసరా రోజు డిప్లాయ్‌మెంటైనా వాడే. ప్రతి మూడు నెలలకీ వాడికి ఒక అవార్డు, ఒక వోచర్. వాడి పక్కన ఇంకొకణ్ణి పెట్టండి అని లీడ్ అడిగితే "బడ్జెట్ లేదు, అయినా వాడున్నాడుగా" అన్నారు పైవాళ్ళు. వానాకాలంలో వాడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో ఉంటే, మంచం మీదికి లాప్‌టాప్ తెప్పించారు! కోలుకున్నాక రెండు నెలలకి వాడు కాగితం పెట్టేశాడు. నోటీసు పీరియడ్‌లో హడావిడిగా కేటీ సెషన్లు. అప్పుడు కూడా ఎవరూ "మనం బ్యాకప్ పెట్టలేదు" అనలేదు. "వాడికి లాయల్టీ లేదు" అన్నారు.

సిద్ధార్థ్ భుజం, పవన్ మోకాలు, ఈ కుర్రాడి ప్లేట్‌లెట్లు. మూడింటి వెనకా ఉన్న లెక్క ఒకటే. బాగా పని చేసేవాడికి బహుమానంగా ఇంకాస్త పని. వాడు విరిగిపోయాక కొత్తవాడి కోసం వేలం.

మన వృత్తిలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. బ్యాకప్ తీసి పెట్టుకోవడం వేరు, దాన్ని ఒకసారి రిస్టోర్ చేసి చూసుకోవడం వేరు. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రెండో రైడర్‌ని జట్టులో పేరు కోసం పెట్టుకుని, మ్యాచ్‌కి మూడు కూతలిచ్చి, హీరో గాయపడిన రోజున "నువ్వెళ్ళి గెలిపించు" అంటే ఎలా? పైగా ఓడిపోయాక "చూశారా, బ్యాకప్‌లు పనికిరారు" అని తీర్మానం. వాడికి కూతలు ఎవరిచ్చారు మరి? గెలుస్తున్న మ్యాచుల్లో, పదిహేను పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు హీరోని కూర్చోబెట్టి కుర్రాణ్ణి పంపొచ్చుగా? అప్పుడు మనమే అరుస్తాం, "మనోడికి సూపర్ టెన్ రావాలి, పంపండి" అని.

అందుకే తప్పంతా యాజమాన్యానిదే అంటే ఒప్పుకోను. వేలంలో పెద్ద పేరు కొనకపోతే సోషల్ మీడియాలో తిట్టేది మనం. టిక్కెట్లు కొనేది పెద్ద పేరు కోసం. పోస్టర్ మీద ఒక్క మొహమే ఉండాలనేది కూడా మనమే. సినిమాల్లో ఒక్కడు వందమందిని కొడుతుంటే చూసి పెరిగినవాళ్ళం కదా, ఏడుగురి ఆటలో కూడా ఆ ఒక్కణ్ణే వెతుక్కుంటాం.

ఆఖరుగా, మన పిల్లల సంగతి

రాహుల్ ఉత్తరప్రదేశ్, సిద్ధార్థ్ మహారాష్ట్ర, పవన్ ఢిల్లీ, విజయ్, భరత్ హర్యానా. తెలుగు టైటాన్స్‌ని మోసినవాళ్ళ వరస ఇది. "బయటివాళ్ళు" అని ఏడ్చే రకాన్ని కాదు నేను. మన కోసం చెమటోడ్చినవాడు మనవాడే. కానీ హీరోని వేలంలో కొనుక్కోవచ్చు గానీ బ్యాకప్‌ని కొనుక్కోలేం, పెంచుకోవాలి. పూణె వాళ్ళు "యువ పల్టన్" అని పెట్టి ఏళ్ళ తరబడి కుర్రాళ్ళని పెంచారు. అస్లాం, మోహిత్, మనల్ని కొట్టిన ఆ ఆదిత్య షిండే, అందరూ ఆ నారుమడిలోంచి వచ్చినవాళ్ళే. నారు పోసుకున్నవాడికి ఒక మొక్క ఎండితే ఇంకొకటుంటుంది. సంతలో చెట్టు కొనుక్కొచ్చి పాతేవాడికి అది ఎండితే మళ్ళీ సంతే గతి.

మన పల్లెల్లో సంక్రాంతి పోటీల్లో ఇప్పటికీ కుర్రాళ్ళు మట్టిలో కూత పెడుతున్నారు. వాళ్ళని మ్యాట్ మీదకి తెచ్చే నిచ్చెన ఏది? మణికొండలో అయితే మట్టే లేదు, ఉన్న ఖాళీ జాగాల్లో టవర్లు లేచాయి. మా సెల్లార్లో కార్ల మధ్య పిల్లలు గీత గీసుకుని ఆడుకుంటుంటే వాచ్‌మన్ తరిమేస్తాడు. అసోసియేషన్ మీటింగులో దీని గురించి అడిగితే "గీతలు పోతాయి, కార్లకి గీతలు పడతాయి" అని శ్లేష కూడా వేశారు మా సెక్రటరీ గారు.

కాబట్టి అయ్యా, ఈసారి గచ్చిబౌలిలోనో వైజాగులోనో మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. మీ అభిమాన రైడర్ పట్టుబడి వెళ్ళి కూర్చున్నాడనుకోండి, ఫోన్ తీసి వాట్సాప్ చూసుకోకండి. అసలు ఆట మొదలయ్యేది అప్పుడే. లోపలికి వెళ్తున్న ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడి పేరేంటో చూడండి. వాడు ఒక్క పాయింటు తెస్తే, బయటున్న మీ కోట్ల హీరో లేచి నిలబడతాడు. ఆ ఒక్క పాయింటుకి కూడా ఈల వేయండి.

మీ టీముల్లో ఆ రెండో రైడర్ ఎవరో, వాడికి మీరు వారానికి ఎన్ని కూతలిస్తున్నారో కూడా ఒకసారి లెక్క చూసుకోండి. "అలాంటివాడెవడూ లేడండీ" అన్నది మీ జవాబైతే... మీ హీరో ఆరోగ్యం జాగ్రత్త!